రెండో విజయ

నేను ఒక కంప్యూటర్ ప్రోగ్రాముని. తెలుగు సంవత్సరం, తిథి చెబితే ఇంగ్లీషు తేదీ, వయసు చెబుతాను. అంతే నా చదువు. పంచాంగాలు అచ్చేసే ఒక తెనాలి ప్రెస్సులో విజయ నామ సంవత్సరంలో పుట్టాను. నన్ను రాసినాయన అన్నానికి లేచే తొందరలో రాశాడు. పసిపిల్లల జాతకాలే నా పని కాబట్టి, సంవత్సరం పేరు ఏది చెప్పినా ఈమధ్య గడిచినదాన్నే పట్టుకునేదాన్ని. ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని నాకెవడూ చెప్పలేదు.

ప్రెస్సు మూతపడింది. కంప్యూటర్లు తుక్కుకి వేశారు. ఆ తుక్కులోంచి గుంటూరు మిర్చి కూలీల సంఘం కొన్న పాత డబ్బాలో నేనూ వచ్చాను. సంఘంలో సువార్త అని ఒకమ్మాయి ఉంది. మిరపకాయల తొడిమలు తీస్తూనే కంప్యూటర్ నేర్చుకున్న మొండిది. కంటి శిబిరం జాబితాకి నన్ను కూర్చోబెట్టింది. అరవై దాటినవాళ్లకి శుక్లాల ఆపరేషన్ ఉచితం. ఆ సాయంత్రంతో శిబిరం ఆఖరు.

గురవమ్మ వచ్చింది. కాయేదో తొడిమేదో కనబడక పనిలోంచి తీసేసిన మనిషి.

"విజయలో పుట్టా, కృష్ణాష్టమినాడు" అంది.

ఠక్కున లెక్కగట్టాను. పదకొండేళ్లు!

శిబిరం గుమాస్తా కాయితం చూసి, "కుదరదు మామ్మా, నీకు పదకొండేళ్లే" అన్నాడు.

"అయితే బళ్లో చేర్పించయ్యా, పలక తెచ్చుకుంటా."

"నన్నేం చెయ్యమంటావ్? కంప్యూటర్ చెప్పింది."

చూడండి ఈ మనుషుల్ని! ఎదురుగా బోసినోరు, ముగ్గుబుట్టలాంటి తల. దాన్ని నమ్మరు. నన్ను నమ్ముతారు.

సువార్త ఊరుకుంటుందా? "ముందు నీ కళ్లకి చేయించాలయ్యా ఆపరేషన్!" అని గుమాస్తా మీద లేచింది. నన్ను విప్పి వరసన చదివింది. తప్పు దొరికింది.

"పిన్నీ, ఎన్ని విజయలు చూశావ్?"

"రెండు. మొదటిదాంట్లో పుట్టా, రెండోదాంట్లో మా ఆయన పోయాడు."

ఆ ప్రశ్నే నాలో ఒక వరసగా రాసింది. మళ్లీ లెక్కగట్టాను. డెబ్భై ఒకటి. గుమాస్తా పేరు ఎక్కించాడు.

వారం తిరక్కుండా గురవమ్మ నల్లద్దాలతో వచ్చి నా తెర ముందు వంగింది.

"నన్ను పసిదాన్ని చేసింది ఇదేనా? దీనికెన్నేళ్లే సువార్తా?"

"పదకొండు."

"ఓసి పిచ్చిదానా! నీ వయసే నాకు రాశావా?" అని పడీపడీ నవ్వింది.

ఈ డబ్బాలో నాకు హాయిగానే ఉంది. నేను చూసింది ఒక్క విజయే. రెండోది వచ్చేదాకా ఈ డబ్బా ఉండదు. అందుకే ఎవరొచ్చినా ముందు అడుగుతాను: మీరు ఎన్ని చూశారు?