బానెట్‌లో మిగిలిన నవ్వు

పెళ్లయి నలభై రోజులు. గువ్వకు ఇంట్లో చెంచా కూడా తన కోసమే తళతళలాడుతున్నట్టుండేది. గువ్వ అన్న పేరు భర్త పెట్టిందే, నిద్ర లేచింది మొదలు కువకువలాడుతూనే ఉంటుందని. అతను కార్ల పెయింటుకు కోటింగ్ వేస్తాడు. పన్నెండేళ్లుగా ఎవరెవరి కార్లకో మెరుగులు పెట్టినవాడు ఇన్నాళ్లకు సొంత కారు కొన్నాడు. నల్లది. ఆదివారం పొద్దున్నే ఇంటి కింది షెడ్డులో దానికి స్నానం మొదలుపెట్టాడు.

"కొత్త కారుకు మురికేంటండీ, నిన్ననేగా వచ్చింది?"

"షోరూమ్ దాకా లారీ మీద వచ్చింది. దారిలో దుమ్మంతా దీని ఒంటి మీదే." బంకమట్టి లాంటి ముద్దతో తడి బానెట్‌ను రుద్ది, తిప్పి చూపించాడు. ముద్ద నిండా బూడిదరంగు నలుసులు.

"నన్ను కూడా ఇంత ముద్దుగా చూసుకోలేదు మీరు."

"నీకు గీతలు పడవుగా."

"పడితే?"

"పాలిష్ పట్టేస్తా."

పై వరండాలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "కోడలా, వాడి చేతిలో పాలిష్ మిషన్ ఉన్నప్పుడు నవ్వించకు. కారుకు బొక్క పెట్టగలడు."

బానెట్‌ను స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాడు. కోటింగ్ వేశాక కింద ఏముంటే అది ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుందట, వెంట్రుకైనా సరే, వేలిముద్రైనా సరే. చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు చిన్న స్పాంజి దిమ్మ మీద పోసి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పూత పూశాడు. వెంటనే కారుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అదేంటి, కారు మీద అలిగారా?"

"పూత కుదురుకునేదాకా రెండు నిమిషాలు అటు చూడకూడదు. మా మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న అందరం ఇంతే. నువ్వూ తిరుగు."

"ఎందుకట?"

"ఏమో. ఎప్పుడూ అడగలేదు. తిరగమన్నాడు, తిరుగుతున్నాం."

గువ్వ బుద్ధిగా పక్కన నిలబడింది. అప్పుడు కనిపించింది, అతని చెవి వెనక గుప్పెడు షాంపూ నురగ. శిక్ష పడ్డ బడిపిల్లాడిలా గోడను చూస్తున్న ఆ పెద్దమనిషికి, చెవి వెనక తెల్లటి పువ్వు. నవ్వు ఆగలేదు. నోరు మూసుకుని, అతనికి తెలియకుండా ఇటు తిరిగి, బానెట్ మీదికి వంగి ఆ నవ్వంతా నవ్వేసింది. పూత మీద ఇంద్రధనుస్సు రంగులు పాకుతున్నాయి. వాటి నడుమ తన ముఖం ఎంత బాగుందో అనుకుంది.

రెండు నిమిషాలయ్యాక అతను పైపైన మిగిలిన పూతను మెత్తటి గుడ్డతో తుడిచి, తలుపుల పని చూడడానికి అటువైపు వెళ్లాడు. గువ్వ చేతులు కడుక్కోవడానికి పైకి వెళ్లింది.

కుళాయి పైన అద్దంలో తలుపుకు వేలాడుతున్న తువ్వాలు కనిపించింది. తను కనిపించలేదు.

వెలుతురు తేడా అనుకుంది. పక్కకు జరిగింది. అద్దంలో తువ్వాలూ, తలుపూ, గోడ. స్టీలు గ్లాసు తీసి చూసుకుంది. కిటికీ అద్దం చూసింది. గదులన్నీ ఉన్నాయి, మనిషి లేదు. మెట్లు ఎలా దిగిందో తనకే తెలియదు.

బానెట్‌లో తను నవ్వుతోంది. గువ్వ పక్కకు జరిగింది. ఆ ముఖం జరగలేదు. గువ్వ పెదవులు బిగించింది. అది నవ్వుతూనే ఉంది.

"ఏవండీ," అంది. బానెట్ వైపు వేలు చూపించింది.

అతను వచ్చి బానెట్‌ను చూశాడు, ఆమెను చూశాడు. గువ్వ అతని కంటిపాపల్లో తన కోసం వెతుక్కుంది. అక్కడ షెడ్డు తలుపు మాత్రమే ఉంది. అతను ఆమెను పైకి తీసుకెళ్లి నిలువుటద్దం ముందు నిలబెట్టాడు. ఎవరూ లేరు. వెనక్కి తిప్పాడు.

"జడ కనిపిస్తోంది," అన్నాడు సన్నగా. "వెనకంతా ఉంది. ముందే లేదు."

అతను మేస్త్రికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. "వెనక్కి తిరగమని ఆ అమ్మాయికి చెప్పలేదా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పాను. ఎందుకో చెప్పలేదు. నాకు తెలిస్తేగా."

"పూత ఎదురుగా ఏముంటే దాన్ని పట్టుకుంటుంది. ఎన్నింటికి వేశావు?"

"పదిన్నరకి."

"నాలుగింటికి గట్టిపడిపోతుంది. ఆ తర్వాత నువ్వు కాదు, నేనొచ్చినా దిగదు. ఈలోపు మిషన్‌తో పూత దించెయ్. ఆ అమ్మాయి ఎదురుగా ఉండాలి. లోపలి ముఖం ఎలా ఉందో పైముఖం కూడా అలాగే ఉండాలి. కలవకపోతే ఆ ముఖం పాలిష్ పొడితో పాటే పోతుంది."

"నవ్వుతోంది మేస్త్రీ."

"అయితే నవ్వమను."

నవ్వమంటే నవ్వు వస్తుందా? గువ్వ బానెట్ ముందు వంగి పళ్లు బయటపెట్టింది. బానెట్‌లోని నవ్వుతో అది కలవలేదు. అతను తనకొచ్చిన జోకులన్నీ చెప్పాడు. మామూలు రోజైతే పొట్ట చెక్కలయ్యేది. అత్తయ్య కూడా దిగివచ్చి, చిన్నప్పుడు వాడు పౌడరు డబ్బా ఒంటి మీద కుమ్మరించుకున్న సంగతి చెప్పబోయి మధ్యలో కొంగుతో కళ్లొత్తుకుంది. మూడున్నర అయింది. ఇక ఆలస్యం చేయలేక అతను మిషన్ ఆనించాడు. బానెట్‌లోని గడ్డం మసకబారింది. గువ్వ గడ్డం చల్లబడింది, మంచుగడ్డ పెట్టినట్టు. అతను టక్కున మిషన్ ఆపేశాడు.

మిషన్ కింద పెట్టి బకెట్ దగ్గరికి వెళ్లాడు. నీళ్లు గిలక్కొట్టి, గుప్పెడు నురగ తీసి, పొద్దున్న ఎక్కడుందో సరిగ్గా అక్కడే, చెవి వెనక పెట్టుకున్నాడు.

"అదెలా తెలిసింది మీకు?"

"అప్పుడే తెలుసు. నువ్వు నవ్వుతావని తుడుచుకోలేదు."

ఎర్రబడ్డ కళ్లతో, చెవి వెనక తెల్లటి పువ్వుతో, మిషన్ పట్టుకుని అంత గంభీరంగా నిలబడితే ఎవరికి ఆగుతుంది? గువ్వ నవ్వింది. కన్నీళ్లు కారుతున్నా అచ్చం పొద్దుటి నవ్వే. మిషన్ రొదపెట్టింది. తెల్లటి పొడి లేచింది. లోపలి ముఖం పలచబడి, పలచబడి, మాయమైంది.

గువ్వ పైకి పరుగెత్తింది. నిలువుటద్దంలో ఉంది. నవ్వితే నవ్వింది, ఆపితే ఆపింది. మూడుసార్లు పరీక్షించింది. నాలుక చాపి చూసుకుంది. ముక్కు మీది చిన్న పుట్టుమచ్చను పలకరించింది. ఇంతకంటే అందమైన వస్తువు లోకంలో లేదనిపించింది.

అతను వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు. అద్దంలో ఇద్దరూ.

"బానెట్‌కు మళ్లీ వెయ్యరా?"

"ఎండకు వెలిసిపోనీ. కారేగా."

అత్తయ్య వంటింట్లోంచి, ఆలస్యమైన భోజనానికి పిలిచింది. "వస్తున్నామమ్మా," అంటూ అతను తలుపు వైపు తిరిగాడు.

అద్దంలో గువ్వ ఒక్కతే ఉంది.

"ఒకసారి ఇటు తిరగండి," అంది. తిరిగాడు. ఉన్నాడు.

"మళ్లీ అటు."

లేడు. పన్నెండేళ్లుగా పూతకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎన్ని కార్లో.

"ఏమైంది గువ్వా?" అన్నాడు తలుపు వైపే చూస్తూ.

"ఏం లేదు. కదలకండి, నురగ అలాగే ఉంది."

కొంగు చివరతో అతని చెవి వెనక నెమ్మదిగా తుడిచింది. అద్దంలో ఆమె చేయి గాలిని తుడుస్తోంది.