బురుజు మీద ఎవరూ లేరు

"పావురాల్ని ఉంచు, మనుషుల్ని తీసెయ్" అన్నాడు బార్నబాష్, పెళ్లాం భుజం మీంచి కంప్యూటర్‌లోకి చూస్తూ. చేతిలో సూప్ గిన్నె. ఆ సూప్ పొయ్యి మీదకి ఎక్కించిందీ ఎమెషే, దించిందీ ఎమెషే. మధ్యలో వచ్చి పార్లమెంటు భవనం ముందున్న పదిహేడు మంది యాత్రికుల్ని చెరిపిపెట్టిందీ ఆవిడే.

నగరాన్ని చుట్టూ ఒకే బొమ్మలో చూపించే ఫోటోలు అతనివి. బుడాపెస్ట్‌లో ఏ వంతెనైనా, ఏ చర్చి మెట్లైనా సరే, కెమెరాని మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ పన్నెండు ముక్కలు తీస్తాడు. పావుగంట పని. ఆ పన్నెండింటినీ అతుకు తెలీకుండా కలిపి, ఆకాశానికంతా ఒకే రంగు తెచ్చి, ఫోటోలో పడ్డ స్టాండు కాళ్లనీ, అడ్డొచ్చిన జనాన్నీ చెరిపేసరికి ఎమెషెకి మూడు రోజులు పడుతుంది. "కూర్చుని చేసే పనేగా అమ్మాయ్, ఎండలో నిలబడేది వాడు" అంటుంది అత్తగారు. పందొమ్మిదేళ్లుగా అదే మాట. మొదట్లో ఎమెషెకి ఒళ్లు మండేది. రానురాను మండటానికి కూడా తీరిక లేకుండా పోయింది.

ఎమెషె అమ్మ పోయి పదకొండు రోజులైంది. సమాధి రాతి మీద "వర్గా దెజోనే" అని చెక్కారు. అంటే దెజో వర్గా భార్య అని. ఆ తరం ఆడవాళ్లందరికీ అంతే, పెళ్లినాడే సొంతపేరు ఊడిపోయి మొగుడి పేరుకి తోక తగులుతుంది. ఎతెల్క అనే మనిషి ఒకతె ఈ భూమ్మీద తిరిగిందని ఆ రాయి చెప్పదు. పోనీ మొహమైనా మిగిలిందా అంటే, కెమెరా చూస్తే చాలు ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకునేది. "ఈ ముడతల్లో ఏముందే తియ్యటానికి!" ఉన్నదల్లా గుర్తింపు కార్డు ఫోటో. అందులో ఏదో నేరం ఒప్పుకున్నట్టు ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఎమెషెకి, పోయిన అక్టోబరు, కొండ మీది మత్స్యకారుల బురుజు.

ఎనిమిది ఆదివారాలుగా అమ్మ దగ్గరికి వస్తానని చెప్పి వెళ్లలేదు ఎమెషె. ప్రతి ఆదివారం ఏదో ఒక ఫోటో పని. చివరికి అమ్మే తన ఊరు త్సెగ్లేద్ నుంచి రైలెక్కి, గసగసాల రొట్టె సంచిలో పెట్టుకుని, నొప్పుల మోకాలితో బురుజు మెట్లెక్కి వచ్చేసింది. "నువ్వు రావుగా తల్లీ, నేనే వచ్చా." బార్నబాష్ అప్పటికే మొదలుపెట్టాడు. "అత్తయ్యా, కాస్త పక్కకి జరగండి" అన్నాడు. జరిగింది. కెమెరా తిరిగేవైపే జరిగింది పిచ్చితల్లి. మళ్లీ జరగమన్నాడు, మళ్లీ అటే జరిగింది. ఇంటికొచ్చి ముక్కలు కలిపితే ఒకే మనిషి నాలుగు చోట్ల ఉంది. కెమెరా వెనకాల గొడుగు పట్టుకున్న కూతురికేసే చూస్తోంది, నాలుగింట్లోనూ. చెయ్యి అడ్డం లేదు.

"మీ అమ్మ బురుజంతా ఆక్రమించేసిందే!" అని పడీపడీ నవ్వాడు బార్నబాష్. "నలుగుర్నీ తీసెయ్."

తీసేసింది. ఆ గసగసాల రొట్టె తింటూనే తీసేసింది.

ఇప్పుడా ఫోటోని పెద్దది చేసి, రాయి రాయీ వెతికింది. అమ్మ నీడ చివరైనా ఎక్కడో వదిలేసి ఉంటానని ఆశ. వదల్లేదు. అంత శ్రద్ధగా చేసినందుకు తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. వంటింట్లో ఉన్న మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

"బార్నా, బురుజు ఫోటో ముక్కలు ఎక్కడున్నాయి? అతికించక ముందువి?"

"అతికించాక ముక్కలెందుకు? చోటు చాలక తీసేశా."

"అందులో అమ్మ ఉంది."

"ముందే చెప్పొద్దూ!" అన్నాడు. గొంతులో కాస్త జాలి కూడా ఉంది, లేదనకూడదు. వెంటనే, "నా ఫోటోల ప్రదర్శనకి పొగాచ రొట్టెలు ఎన్ని చేస్తున్నావ్? అరవై మంది వస్తారు" అన్నాడు.

అరవై మందికీ చేసింది. ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చేతులు అలవాటుపడ్డాయి, చేశాయి.

ప్రదర్శనలో బురుజు ఫోటో ఒక గోడంతా ఆక్రమించింది. తెల్లటి గోపురాలు, కింద డాన్యూబ్, చుట్టూ ఎక్కడా నరమానవుడు లేడు. కింద బార్నబాష్ పేరు. ఎమెషె పళ్లెం పట్టుకుని అందరికీ పొగాచలు అందిస్తోంది. "నీ మొహమేంటి అలా వేలాడేసుకున్నావ్, ఇవాళ వాడి పండగ" అని అత్తగారు మోచేత్తో పొడిచింది.

టోపీ చేతపట్టుకున్న ఒక పెద్దాయన ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. "నేను పుట్టింది ఆ పక్కవీధిలోనేనండీ. డెబ్భై ఏళ్లలో ఆ చోటు ఖాళీగా ఉండగా చూడలేదు. మీకెలా దొరికింది?"

"ఓపిక కావాలండీ. తెల్లారకముందే లేవాలి" అన్నాడు బార్నబాష్, నవ్వుతూ.

ఎమెషె పళ్లెం అత్తగారి చేతిలో పెట్టింది. పెద్దాయన పక్కకి వచ్చి నిలబడింది. బార్నబాష్ ఏదో అర్థమైనట్టు, "ఎమెషె, ఇక్కడొద్దు" అన్నాడు చిన్నగా. ఎమెషె పెద్దాయన వైపే తిరిగింది.

"ఖాళీగా దొరకలేదండీ. అక్కడ మా అమ్మ నాలుగు చోట్ల నిలబడి నన్ను చూస్తోంది. నాలుగు చోట్లా నేనే చెరిపాను."