ఉప్పునుంతల బొగ్గు బస్తా

పట్టునూలు రావడం ఆగిపోయి మూడు నెలలైంది. అయినా నూలుకు రంగులద్దే గులాం రసూల్ రోజూ తెల్లవారుజామునే లేచి, నమాజు చేసుకుని, రంగుల గుండిగ నిండా నీళ్లు పోసి పొయ్యి రాజేసేవాడు. నీళ్లు మరిగేవి. అందులో ముంచడానికి ఏమీ ఉండేది కాదు. కాసేపటికి ఆ వేడినీళ్లను పక్కిండ్లవాళ్లు స్నానాలకు పట్టుకుపోయేవారు.

యుద్ధం రోజులు. గద్వాలలో మగ్గాలు సగానికి సగం మూలపడ్డాయి. చీరలు నేసే కురుమూర్తికీ, మగ్గాలు చేసే వడ్రంగి ఈరన్నకూ పని లేదు. ఈ ముగ్గురిదీ నలభై ఏళ్ల దోస్తీ. పుష్యమాసపు చలిలో రసూల్ పొయ్యి దగ్గరే చేరి చేతులు కాచుకునేవారు.

"ఏం మియా, ఇయ్యాల గూడ నీళ్లకే రంగేస్తున్నవా?" అని ఈరన్న రోజూ ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు కురుమూర్తి అన్నాడు. "మనం చేసిన చీరెలు వనపర్తి కోట చూసినయి, నాగర్‌కర్నూలు చూసినయి. మనం చూడలే. చేతిల పని లేనప్పుడన్న పోయొద్దాం. బొగ్గు బస్సు నడుస్తుందిగద."

"గీ చలిల ఏం సూస్తవురా?" అన్నాడు రసూల్.

"నీకేం చలి? శాలువ ఉన్నదిగద" అన్నాడు ఈరన్న.

రసూల్ శాలువాను భుజం మీదికి లాక్కున్నాడు. గద్వాల కోటలో ఇచ్చిన ఎర్ర శాలువా అది. పద్దెనిమిదేళ్ల కిందట ఒక చీర అంచు ఎరుపు చూసి అందరూ మెచ్చుకుని, రంగు ఎవరి చేతిదని అడిగారు. "నాదే" అన్నాడు రసూల్. అతనిది కాదు. అమ్మానాన్నలు ప్లేగులో పోతే అతన్ని సాకిన అక్క మెహబూబీది. చిన్నవయసులోనే భర్త పోయి కొడుకుతో పుట్టింటికి వచ్చిన మనిషి ఆమె. లక్కతో, పటికతో, చింతగింజల పొట్టుతో ఏళ్ల తరబడి తంటాలుపడి ఆ ఎరుపు తెచ్చింది. తమ్ముడు శాలువా కప్పుకుని ఇంటికి వస్తే గుండిగ కడిగి బోర్లించింది. మూడో రోజు కొడుకును తీసుకుని అత్తగారి ఊరు ఉప్పునుంతలకు వెళ్లిపోయింది.

పోయి పిలుచుకురమ్మని ఎవరు చెప్పినా రసూల్ ఒకటే అనేవాడు: "పోయింది ఆమె. వచ్చేది గూడ ఆమెనే." పోతే ఒక్క మాట ఒప్పుకోవాల్సి వస్తుందని అతనికి తెలుసు. ఆ ఒక్క మాట గొంతు దాటేది కాదు.

చివరికి రసూల్ సరేనన్నాడు. మొదటి రోజు సొంత ఊరి కోటనే కొత్తవాళ్లలా తిరిగి చూశారు. మర్నాడు బీచుపల్లి దగ్గర పుట్టి ఎక్కి కృష్ణ దాటారు. అవతలి గట్టున బస్సు నిలబడి ఉంది. పెట్రోలు దొరకని కాలం కాబట్టి వెనకాల పెద్ద ఇనుప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవారు. డ్రైవరు యూనుస్ అరగంట సేపు గాలి చక్రం తిప్పితే గానీ అది అందుకునేది కాదు.

బొగ్గు ఏ ఊరి చెట్టుదైతే బస్సు ఆ ఊరికే పోయేది. అందుకే యూనుస్ బస్తాల మీద సున్నంతో ఊళ్ల గుర్తులు వేసుకునేవాడు.

"పోయిన మాఘంల కొత్తకోట బొగ్గు, పెబ్బేరు బొగ్గు కలిసిపోయినయంట" అన్నాడు ఈరన్న పల్లీలు నములుతూ. "పొద్దుగూకే దాంక రెండూర్ల నడుమనే తిరిగిందంట బస్సు. పెండ్లికొడుకు బస్సులనే ఉన్నడు."

"పెండ్లి తప్పించుకున్నడు, నసీబున్నోడు" అన్నాడు కురుమూర్తి. రసూల్ కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

వనపర్తిలో రాజభవనాన్ని గేటు బయటి నుంచే చూశారు. కురుమూర్తి చాలాసేపు మేడ మీది కిటికీల వైపే చూస్తూ నిలబడ్డాడు. "నేను నేసిన చీరె గా లోపల్నే యాడనో ఉన్నది" అన్నాడు. ఆ రాత్రి సత్రంలో పడుకున్నారు.

తెల్లారి రసూల్ ముఖం కడుక్కుంటుంటే, కురుమూర్తి బస్సు దగ్గరికి పోయి యూనుస్‌తో ఏదో మెల్లగా మాట్లాడాడు. యూనుస్ తలూపి, గోడవారనున్న ఒక బస్తాను మొత్తం డ్రమ్ములో గుమ్మరించాడు.

బిజినేపల్లిలో మిగతావాళ్లు దిగిపోయారు. బస్సులో ముగ్గురు దోస్తులే మిగిలారు. నందివడ్డెమాను రాతిగుళ్ల గురించి ఈరన్న ఏదో చెబుతున్నాడు గానీ రసూల్‌కు వినబడటం లేదు. వెనక నుంచి వచ్చే పొగ వాసన తెలిసిన వాసనలా ఉంది. ఏదో గుర్తొస్తోంది, అందటం లేదు.

నాగర్‌కర్నూలు వచ్చింది. బస్సు ఆగలేదు. బజారు దాటింది, చివరి ఇండ్లు దాటింది.

"ఏయ్ యూనుస్! ఊరు పోతుంది, ఆపు!" అని కేకేశాడు రసూల్.

"నేను స్టీరింగు పట్టుకున్న గంతే చాచా. తిప్పుతలేను."

అప్పుడు అందింది వాసన. మోదుగు. ఉప్పునుంతలలో అక్క ఇంటిముందు మోదుగుచెట్టు ఉందని, దాని కొమ్మలకే ఆమె లక్క పెంచుతుందని వచ్చేపోయేవాళ్లు చెప్పగా విన్నాడు. రసూల్ కురుమూర్తి వైపు చూశాడు. కురుమూర్తి తల దించుకున్నాడు.

ముందు ఒక ఎత్తు వచ్చింది. బొగ్గు బస్సు ఎత్తు ఎక్కాలంటే అందరూ దిగి తొయ్యాల్సిందే. అందరూ దిగారు. రసూల్ తొయ్యడానికని వెనక్కి పోయి, అక్కడున్న ఇనుప కడ్డీ తీసి, డ్రమ్ము కింది తలుపు తెరిచి, నిప్పులన్నీ బరబరా రోడ్డు మీదికి లాగాడు. యూనుస్ ఉరికి వచ్చేసరికి నీళ్లకుండ కూడా వాటి మీద గుమ్మరించేశాడు. భుస్సున ఆవిరి లేచింది. దూరంగా మధ్యాహ్నపు జొహర్ అజాను వినిపిస్తోంది.

"నన్ను దొంగతనంగ తోల్కపోతరా? ఆమె ముంగట నిలబెడ్తరా?" అని అరిచాడు.

"మెహబూబీ ఆపాకు బాగలేదు, రసూల్" అన్నాడు కురుమూర్తి. "నెల కింద ఆపా కోడలు తాజ్‌బీ నాకు కబురంపింది. నిన్ను పిలిస్తే రావని ఆపాకు తెలుసు. ఇంటిముందు చెట్టు కొట్టిచ్చి, కాల్పిచ్చి, వనపర్తికి బస్తా పంపింది. బస్సు ఎక్కిచ్చుడొక్కటే నా పని అన్నది."

"చెట్టు కొట్టిచ్చిందా?"

"ఆ."

"లక్క చెట్టు?"

రసూల్ రోడ్డు మీద కూలబడి తడిసిన బొగ్గులను చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపటికి తనే లేచి గాలి చక్రం పట్టుకున్నాడు. డ్రమ్ములో పైన మిగిలిన బొగ్గు అందుకోవడానికి గంటకు పైగా పట్టింది. చక్రం ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఉప్పునుంతలకు రెండు కోసుల ముందర బొగ్గు అయిపోయింది. సరిగ్గా రోడ్డు మీద పారబోసినంత తక్కువైంది. ముగ్గురూ నడిచారు. ఎప్పుడూ వెనకబడే రసూల్ ముందు నడిచాడు.

సందు మొదట్లోనే తెలిసిపోయింది. వాకిట్లో మగవాళ్లు ఊరికే నిలబడి ఉన్నారు. కొట్టేసిన మోదుగు మొద్దు పక్కనే మయ్యత్తు మంచం ఉంది. శవానికి స్నానం అయిపోయింది, కఫన్ గుడ్డ చుట్టేశారు.

తాజ్‌బీ కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ బయటికొచ్చింది. "మామూ, వచ్చిన్రా? మీరు వస్తరు, మట్టి ఆపుండ్రి అన్నది. ఆపినం."

"ఎప్పుడు?"

"సాయంత్రం అసర్ నమాజు దాంక ఉన్నది. పొద్దుగాల నుంచి ఛాతి మీద వెచ్చగున్నది, బస్సు కదిలింది అని సంబురపడ్డది. బిజినేపల్లి వచ్చింది, నాగర్‌కర్నూలు దాటింది అని చెప్పుకుంట ఉన్నది. జొహర్ అజాను అయితుంటే చల్లబడ్డది." తాజ్‌బీ ఆగింది. "నవ్వింది మామూ. 'నిప్పు తోడి పడేసిండు, మొండోడు' అన్నది. జర సేపటికి మల్ల రవ్వంత వెచ్చబడ్డది. 'చక్రం వాడే తిప్పుతుండు' అన్నది. గంతే. తర్వాత మాట్లాడలే."

నిప్పు తోడకపోతే అసర్ కంటే ముందే చేరేవాడు. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు.

రసూల్ భుజం మీది శాలువా తీశాడు. మంచం మీద తలవైపు నుంచి పాదాల దాకా పరిచి, అంచులు సర్దాడు. "రంగు నీదే ఆపా" అన్నాడు. పద్దెనిమిదేళ్లు పట్టిన మాట అంత చిన్నది. వాకిట్లో అందరికీ వినబడింది, ఆమెకు తప్ప.

పొద్దు పూర్తిగా గూకకముందే ఆమె కొడుకూ రసూలూ మట్టి ఇచ్చారు. కురుమూర్తీ ఈరన్నా కూడా మూడేసి పిడికిళ్లు వేశారు.

మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక, ఉప్పునుంతల బొగ్గే ఇంకో బస్తా సంపాదించి యూనుస్ బస్సు తెచ్చాడు. నాగర్‌కర్నూలు బొగ్గుతో అక్కడిదాకా పోయి, అక్కడి నుంచి వనపర్తి బొగ్గు పోస్తానన్నాడు. ఒక గంప దింపి రసూల్ ముందు పెట్టాడు. ఎత్తు దగ్గర పారబోసిన బొగ్గులు, ఎండలో ఎండినవి.

"ఈటిని నేను ఏ బస్సుల పొయ్య చాచా. ఇవి నీవే."

ఈరన్న ఎక్కాడు. కురుమూర్తి మెట్టు మీద ఆగాడు. "ఎక్కవా?"

"లేదు. మొద్దుకు ఎర్రటి చిగురు పుడుతున్నది. లక్క పట్టేదాంక చూసుకుంట. తాజ్‌బీకి రంగు తెలుసు, నాకు నేర్పుతనన్నది."

"ఈ వయసులనా?"

"దొంగతనంగ నేర్చినోన్ని గద, మొదటికెళ్లి నేర్చుకోవాలె."

"గద్వాలల నూలొస్తే ఏం చెయ్యాలె మరి?"

"ఈడికి పంపు. ఎవరి రంగు అని అడుగుతరు. మెహబూబీ రంగని చెప్పు."

బస్సు పోయింది. రసూల్ వాకిట్లో బోర్లించి ఉన్న గుండిగను తిప్పి నీళ్లు పోశాడు. గంపలోని బొగ్గులు పొయ్యిలో పేర్చి, ఊది, రాజేశాడు. అంటుకున్నాయి. చెయ్యి తన ఛాతి మీద పెట్టుకుని చూశాడు. వెచ్చదనమేమీ తెలియలేదు. అవి ఉప్పునుంతల బొగ్గులు, ఉప్పునుంతలలోనే ఉన్నాయి. ఇంక పోవలసిన ఊరు లేదు, ఎదురుచూసే మనిషీ లేదు.

నీళ్లు మరిగాయి. తాజ్‌బీ లోపలి నుంచి ఒక చిన్న పట్టునూలు చిలప తెచ్చి అతని చేతిలో పెట్టింది.