మెత్తటి డిప్ప

సాలమోను పెళ్లాం సుగుణ తాబేలుపిల్లకి చంటిపిల్లల టానిక్కు పోస్తోందట.

పక్కింటి నాగమణి కాలువరేవులో చెప్పింది. నాగమణికి వాళ్ల ఆడపడుచు చెప్పిందట. "ఆయ్, నిజవేనండి... ఇల్లంతా నారింజపళ్ల వాసన. పిల్లల్లేని ఇంట్లో పిల్లల మందు వాసనేవిటండీ?"

వాసన నిజమే.

సాలమోను కువైట్ వెళ్లే ముందురోజు పంటకాలువ గట్టున దొరికింది — రూపాయి బిళ్లంత పిల్ల. తెచ్చి సుగుణ అరచేతిలో పెట్టాడు.

"నేనొచ్చేసరికి నూతిలో వేసేంత అవ్వాలి. పురుగూ పుట్రా తినేసి నీళ్లు శుభ్రంగా ఉంచుతాది. పెంచు."

పెంచు — అన్నాడు. వెళ్లిపోయాడు.

సుగుణ పెంచింది.

వాకిట్లో కాకులు. దొడ్లో గద్దలు. కొబ్బరిమట్టల మీంచి ఎప్పుడూ ఏదో ఒక కన్ను చూస్తూనే ఉంటుంది. అందుకే గదిలో, మంచం కింద, సత్తు బేసిన్లో దాచింది. చల్లటి నీడ. మెత్తటి చీకటి. నాలుగు మెతుకులు, చిటికెడు కొబ్బరికోరు.

వానలు వెళ్లాయి. చలి వచ్చి వెళ్లింది.

పిల్ల పెరగలేదు.

ఓ పొద్దున నీళ్లు మారుస్తూ పట్టుకుంటే — డిప్ప వేలికింద దిగింది... తడిసిన అట్టలా.

గుడ్డుపెంకులు దంచి వేసింది. ముట్టలేదు. అమలాపురం వెళ్లింది. మందులషాపాయన విటమిన్ చుక్కల సీసా తీస్తూ అడిగాడు.

"బాబా అండీ, పాపా?"

సుగుణ కొంగుముడి విప్పి డబ్బులు తీసింది.

"పాపండి."

పొద్దున చుక్క. సాయంత్రం చుక్క. నోరు తెరవదు. తెరిచినా మింగదు. మెడ మీంచి నారింజరంగు జారి నీళ్లలో కలిసిపోతుంది...

ఈస్టరుకి వస్తున్నానని సాలమోను కబురు పంపాడు. తాబేలు ఎంతయిందని కూడా అడిగాడట.

మర్నాడే బేసిన్ మీద తడిగుడ్డ కప్పి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. గేదెల మధ్య నిలబడింది.

"ఏవండీ, పూటకెన్ని పాలిస్తాదండి ఇది?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. సుగుణా నవ్వబోయింది. రాలేదు.

డాక్టరుగారు నవ్వలేదు. పిల్లని తిరగేసి, బొటనవేలితో నొక్కి చూశారు.

"ఎండలో పెట్టేదానివామ్మా?"

"లేదండి. గద్దలెత్తుకుపోతాయని మంచం కిందే ఉంచేనండి. చుక్కలు మాత్రం ఒక్క పూటా మానలేదండి. చాలకపోతే ఇంకో సీసా పోస్తానండి. అదీ చాలకపోతే కువైట్ నించి తెప్పిస్తానండి, అక్కడ మంచివి దొరుకుతాయంటండి..."

మాట ఆపలేదు. ఆపితే ఆయన మొదలుపెడతారు.

ఊపిరి కోసం ఆగింది.

"ఎండ తగలకుండా ఎన్ని సీసాలు పోసినా ఒంటికి పట్టదమ్మా. ఇప్పుడు తీసుకెళ్లి ఎండలో పెట్టినా లాభం లేదు. ఇదింక పెరగదు."