గొంతు బేరం

లాలి గొంతు సోమవారం పగిలింది.

పాట చరణంలోకి వచ్చింది. పై షడ్జం దగ్గర ఎప్పుడూ అలవోకగా తేలిపోయే గొంతు ఆ రోజు తలుపు కింద రాయి పడ్డట్టు గీరుకుపోయింది. రాధాకుమారి హార్మోనియం ఆపేసింది. తబలా మీద దేవిదాస్ మాస్టర్ చెయ్యి ఇంకో దెబ్బ వేసి ఆగింది.

"మళ్లీ," అంది రాధాకుమారి.

లాలి మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే గీరుకుపోయింది.

"జలుబు చేసిందా?"

"లేదు టీచర్."

"చింతకాయ తిన్నవా?"

"లేదు టీచర్." లాలి తల వంచుకుంది. ఏదో దాస్తోంది.

శనివారం జిల్లా విద్యాధికారి వస్తున్నాడు.

ఆ బాలికల హైస్కూల్లో సంగీత విభాగం అంటే ఒక గది, ఒక హార్మోనియం, ఒక జత తబలా. గదిలో సగం విరిగిన బెంచీలు. విభాగానికి పెద్ద రాధాకుమారి. ఆమె కింద ఉన్నది జుక్కల్ నుంచి వచ్చిన దేవిదాస్ మాస్టర్ ఒక్కడే. బాన్సువాడలో ఆడపిల్లలకు పాట నేర్పితే ఏమొస్తుందని అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పి, చెప్పి, నాలుగేళ్లలో ఆమె ఆ గదిని నిలబెట్టింది. ఇప్పుడు ఆ పోస్టు మీద ఇంకో స్కూలువాళ్ల కన్ను పడింది.

హెడ్‌మిస్ట్రెస్ దాచకుండా చెప్పింది. "సార్ శనివారం వింటారు రాధాకుమారీ. నచ్చితే పోస్టు ఉంటుంది. లేదంటే నీకు బదిలీ. జూన్‌లో ఈ గదిలో సైన్సు బీరువాలు పెట్టిస్తాను."

సార్‌కు వినిపించడానికి రాధాకుమారి మంజీర నది మీద ఒక పాట కట్టింది. లాలి గొంతును కొలిచి కుట్టిన పాట అది. ఇంకొకరికి సరిపోదు. తొమ్మిదో తరగతిలో భాగ్యవతి ఉంది, పండరి పటేలు బిడ్డ. శ్రుతి తప్పదు, తాళం తప్పదు. కానీ పై షడ్జం అందదు. ఆ పాట తనకు దక్కలేదని భాగ్యవతి ఒక రోజంతా అన్నం తినలేదని పిల్లలు చెప్పుకున్నారు.

మంగళవారం లాలి గొంతు ఇంకా దిగజారింది. బెల్లు కొట్టాక రాధాకుమారి కిటికీలోంచి చూసింది. గోడ పక్కన భాగ్యవతి లాలి చేతిలో ఏదో పెడుతోంది. లాలి గబుక్కున నోట్లో వేసుకుంది.

రాధాకుమారి పరుగులాంటి నడకతో వెళ్లింది. "ఏంది అది? ఏం తినిపిస్తున్నవ్ దానికి?"

భాగ్యవతి గుప్పిట విప్పింది. బెల్లం ముక్క, దాన్లో దంచిన మిరియాలు.

"గొంతుకు మంచిదని మా అవ్వ కలిపిచ్చింది టీచర్. మీరు నన్ను దొంగను చూసినట్టు చూస్తుండ్రు."

రాధాకుమారి మొహం కందిపోయింది. "అట్ల కాదే..."

"అట్లనే. పాట నాకియ్యకుంటే ఇయ్యకపోయిండ్రు గని, నేను గిసొంటి పని చేస్తనా?" భాగ్యవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మాట ఆపలేదు. "దానికి రోగం లేదు టీచర్. రోజు పొద్దూకంగ ఏడుస్తదట. ఒక్కతే కాదు, తండాల ఆడోళ్లందరు ఏడుస్తుండ్రట. బస్సుల చెప్పుకుంటుండ్రు."

రాధాకుమారి లాలి వైపు తిరిగింది. లాలి అక్కడ లేదు. గేటు దాటి బస్సు వైపు పరుగెడుతోంది.

బుధవారం లాలి బడికే రాలేదు.

మధ్యాహ్నం బస్సుకు రాధాకుమారి లాలివాళ్ల లంబాడీ తండాకు బయలుదేరింది. తోడు దేవిదాస్ మాస్టర్. పెద్ద కొడప్‌గల్ దారిలో దిగి, చెరుకు తోటల మధ్య బండ్ల బాట పట్టుకున్నారు. తండా ఇంకా కనబడలేదు, ఏడుపు మాత్రం వినబడింది. ఒకరిది కాదు. చాలామంది ఆడవాళ్లది.

దేవిదాస్ మాస్టర్ ఆగిపోయాడు. "అరే దేవా! ఎవరో పోయిండ్రు టీచర్."

రాధాకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. లాలి తండ్రిని పోయినేడు పాము కరిచిందని విన్నది. తల్లికి ఏమైనా అయిందా? లాలికేనా?

మొదటి ఇంటి వెనక్కి వచ్చేసరికి ఏడుపు టక్కున ఆగింది. ఒక ముసలి గొంతు గట్టిగా కసిరింది. మళ్లీ ఏడుపు మొదలైంది, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచి.

రాధాకుమారి కూడా ఆగింది. అట్లా ఆపడం, కసరడం, అక్కడి నుంచే మళ్లీ అనిపించడం ఆమె రోజూ చేసే పనే. చావు కాదు. ఇది క్లాసు.

వాకిట్లో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో లాలి, వాళ్లక్క ధర్మి ఒకరి మెడ మీద ఒకరు తల పెట్టుకుని ఉన్నారు. ఎదురుగా అద్దాల రవికె, మోచేతుల పై దాకా తెల్ల గాజులు వేసుకున్న ముసలామె. లాలి నాయనమ్మ భీమ్లి. టీచర్‌ను చూసి లాలి దిగ్గున లేచింది.

"శుక్రవారం అక్క అప్పగింతలు టీచర్. మాకాడ పెండ్లిపిల్ల అందర్ని పట్టుకొని ఏడుస్తది. ఒట్టి ఏడుపు కాదు, పాట కట్టి ఏడ్వాలె. ఢావ్లో అంటరు. పట్టుకున్నోళ్లు కూడ అట్లనే ఏడ్వాలె. నాకు వస్తలేదని అవ్వ..."

భీమ్లి రాధాకుమారిని కిందినుంచి పైదాకా చూసింది. "పాటల టీచరమ్మవు నువ్వేనా? మా పిల్ల ఏడుపు ఖరాబు చేసింది నువ్వేనా?"

"నేనేం చేసిన అవ్వా?"

"ఏడువే అంటే పాట పాడుతది. నూనె రాసినట్టు నున్నగ! ఎవలకన్న కండ్లల్ల నీళ్లొస్తయా గట్లేడిస్తే? గందుకే రోజు అరిపిస్తున్న."

"శనివారం పెద్ద సారు వస్తుండు అవ్వా. దాని గొంతు లేకుంటే మా సంగీతం తీసేస్తరు. బడిల ఇగ ఎవ్వరికీ పాట ఉండదు."

"దాని గొంతు లేకుంటే మా ఇజ్జత్ పోతది. ఇంట్ల రెండే ఆడపిల్లలు. అక్క పోతుంటే చెల్లె మూగదాని లెక్క నిలబడ్డదని అత్తగారోళ్లు పదేండ్లు చెప్పుకుంటరు."

దేవిదాస్ మాస్టర్ చెమట తుడుచుకున్నాడు. "లగ్గం రెండు రోజులు ఎనకకు జరుపరాదా అవ్వా?"

"నీ సారును జరుపు."

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. రాధాకుమారికి నవ్వు రాలేదు. ఏడుపు నేర్చుకుంటున్న పిల్ల మెడ నరాలు ఎట్లా ఉబ్బి ఉన్నాయో ఆమె చూసింది. ఇంకో రెండు రోజులు ఇట్లా అరిస్తే శనివారం మాట కూడా రాదు.

భీమ్లి నడుముకున్న సంచి విప్పి పొగాకు నలిపింది. చాలాసేపు నలిపింది.

"సరే తియ్. పిల్ల గొంతు నీకిస్త. నాకేమిస్తవ్?"

"ఏం కావాలె?"

"గొంతుకు గొంతే. లాలి అక్కను పట్టుకొని కండ్లనీళ్లు పెడుతది. పక్కన నువ్వు నిలబడి ఏడ్వాలె, దాని బదులు. టీచరమ్మ అంత దూరంకెళ్లి వచ్చి ఏడ్చిందంటే మాకు ఇంకింత ఇజ్జతే."

"ఒప్పుకో టీచర్," గుసగుసలాడాడు దేవిదాస్ మాస్టర్. "బేరం మంచిగున్నది."

రాధాకుమారి ఒప్పుకుంది. చప్పున ఒప్పుకుంది. ఏ బాణీ అయినా రెండుసార్లు వింటే వచ్చేస్తుందని ఆమె నమ్మకం. సగం గొంతుతో నెట్టుకొచ్చి, మిగతా సగం శనివారానికి దాచుకోవచ్చని లెక్క వేసుకుంది.

భీమ్లి ఆ లెక్క కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

శుక్రవారం పొద్దున సెలవు చీటీ పంపి రాధాకుమారి తండాలో నిలబడింది. ఎడ్లబండి సిద్ధంగా ఉంది. అత్తగారి వైపువాళ్లు బండి చుట్టూ మూగి చూస్తున్నారు. ధర్మి ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ వస్తోంది. లాలి దగ్గరికి వచ్చింది. లాలి కళ్లనీళ్లు పెట్టుకుంది, నోరు మాత్రం విప్పలేదు. పక్కనుంచి రాధాకుమారి అందుకుంది. మొన్న భీమ్లి నేర్పిన మాటలే, నేర్పిన బాణీయే.

వెనకనుంచి భీమ్లి ఆమె పక్కటెముకల్లో పొడిచింది. "అది పాట. ఏడుపు కాదు."

అత్తగారి వైపు ఒకామె పక్కామె చెవిలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. లాలి ఆ నవ్వు చూసింది. మెడ నిక్కించి, నోరు తెరవబోయింది.

లాలి ఇప్పుడు అరిస్తే రేపటి పాట ఇక్కడే అయిపోతుంది. రాధాకుమారి ధర్మిని లాలి దగ్గర నుంచి తన మీదికి లాక్కుంది. పసుపు, చెమట, కొత్తబట్ట వాసన కలిసి ముక్కుకు కొట్టింది. ధర్మి ఆమె మెడ గట్టిగా కరుచుకుని "బాయీ..." అని, అక్కను పిలిచినట్టు, దీర్ఘం తీసింది. ఆ పిలుపు గొంతులోంచి రాలేదు, కడుపులోంచి వచ్చింది. రాధాకుమారి దాచుకున్నదంతా ఒక్కసారే బయటపడింది. జూన్‌లో ఖాళీ కాబోయే గది, బీరువాలు, ఎక్కడికో బదిలీ, అన్నీ కలిసి అరుపై వచ్చాయి. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. బండి కదిలాక చుట్టూ చూస్తే, ఇందాక నవ్విన ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"ఇగ మంచిగున్నది," అంది భీమ్లి.

"అవునా అవ్వా," అనబోయింది రాధాకుమారి. గాలి వచ్చింది. మాట రాలేదు.

శనివారం పొద్దుటికి కూడా రాలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించింది. భాగ్యవతి ఇచ్చిన మిరియాల బెల్లం తిన్నది. లాలి గొంతు మాత్రం కడిగిన గాజులా ఉంది. దేవిదాస్ మాస్టర్ ఒకసారి ఆమెను, ఒకసారి లాలిని చూసి తల కొట్టుకున్నాడు. "ఒకటి తెస్తే ఒకటి పాయె!"

విద్యాధికారి సన్నటి మనిషి. కళ్లజోడు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. పక్కన హెడ్‌మిస్ట్రెస్.

"పిల్లల పాట తర్వాత వింటాను. సంగీతం టీచరెవరు? మీరేనా అమ్మా? ముందు మీరొక కీర్తన పాడండి."

రాధాకుమారి లేచి నిలబడింది. నోరు తెరిచింది. పాత తలుపు చప్పుడు లాంటిది వచ్చి ఆగిపోయింది.

"గొంతు పట్టుకుంది సార్," అంది హెడ్‌మిస్ట్రెస్ గబగబా.

"ఎప్పటినుంచి?"

"నిన్నటి నుంచి సార్," అన్నాడు దేవిదాస్ మాస్టర్.

"సరిగ్గా నేను వచ్చే ముందు రోజు." ఆయన నవ్వలేదు. "గొంతు లేని సంగీతం టీచరు అని రాసుకోమంటారా?"

ఆయన చెయ్యి ఊపాడు. "సరే, కానివ్వండి."

రాధాకుమారి హార్మోనియం ముందు కూర్చుంది. అప్పుడు తట్టింది ఆమెకు అసలు ప్రమాదం. చరణం ఎత్తుగడ ప్రతిసారీ తనే అందిస్తుంది. పిల్లలు దాన్ని పట్టుకుని పైకి వెళ్తారు. ఆమె గొంతు లేకుండా ఈ పిల్లలు ఒక్కసారి కూడా పాడలేదు.

పల్లవి బాగానే సాగింది. చరణం వచ్చింది. పిల్లలు ఆమె వైపు చూశారు. ఆమె మెట్లు నొక్కింది. ఎవరూ ఎత్తుకోలేదు. దేవిదాస్ మాస్టర్ తాళాన్ని ఇంకో ఆవర్తం తిప్పాడు, కళ్లతోనే కేకలు వేస్తూ. విద్యాధికారి కళ్లజోడు తీశాడు. ఇంకో ఆవర్తం. రాధాకుమారి వేళ్లు చెమటకు జారుతున్నాయి. అయిపోయింది, అనుకుంది.

రెండో వరుసలోంచి ఎత్తుగడ వచ్చింది. భాగ్యవతి. మంద్రంగా, తడబాటు లేకుండా, అచ్చం టీచర్ అందించినట్టే అందించింది. లాలి దాన్ని పట్టుకుని పైకి లేచింది. పై షడ్జం దగ్గర గొంతు గీరుకోలేదు. కొసన ఒక్క క్షణం విరిగి, మళ్లీ అతుక్కుంది, ధర్మి పిలుపు విరిగినట్టే. అది రాధాకుమారి నేర్పింది కాదు. ఆమె భయపడుతూ తల ఎత్తింది. విద్యాధికారి పెన్ను మూత పెట్టి కూర్చున్నాడు.

పాట అయ్యాక ఆయన లేచి లాలిని చూపించాడు. "ఈ అమ్మాయి ఏ తరగతి?"

"తొమ్మిది సార్," అంది హెడ్‌మిస్ట్రెస్.

"అయితే ఇంకో ఏడాది ఉంటుంది. పోస్టు ఇప్పుడు కదిలించను. వచ్చే మాఘంలో మళ్లీ వస్తాను. ఈ పిల్లే పాడాలి. ఎంత ఎదిగిందో విని అప్పుడు తేలుస్తాను." తలుపు దగ్గర ఆగి రాధాకుమారి వైపు చూశాడు. "మీరూ పాడాలి."

జీపు పోయింది. దేవిదాస్ మాస్టర్ తబలా జతలోని డగ్గాను పిల్లలా ఎత్తుకుని తిరిగాడు. రాధాకుమారి భాగ్యవతి తల మీద చెయ్యి పెట్టింది. ఆ పిల్ల మూతి ముడుచుకునే ఉంది, కానీ చెయ్యి తీసెయ్యలేదు.

గేటు దగ్గర భీమ్లి నిలబడి ఉంది, మనుమరాలిని తీసుకుపోవడానికి. బయటి నుంచే పాట విన్నదట.

"పిల్ల మంచిగనే పాడింది. నీ ఏడుపే ఇంకింత పండాలె టీచరమ్మా. మల్ల నేర్చుకోవాలె."

రాధాకుమారి నవ్వుతూ ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది.

"వచ్చే మాఘంల ఇంకో లగ్గమున్నది కద. నిన్ననే మాటిచ్చినం."

రాధాకుమారి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరే ఆడపిల్లలు. ఒకతె నిన్న బండెక్కింది. ఆమె లాలి వైపు చూసింది. లాలి బొటనవేలితో నేల గీస్తోంది.

నోరు తెరిచింది. రాధాకుమారి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"అవ్వా, పిల్ల పదోది కావద్దా?" అన్నాడు దేవిదాస్ మాస్టర్.

"నువ్వు తబలా వాయించు పో. నాకు బేరం ఆమెతోటి."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. భీమ్లి కదిలింది. లాలి కదలలేదు. రాధాకుమారి ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. వదలడం లేదు. లాలి విడిపించుకోవడమూ లేదు.

భీమ్లి ఆ చేతులను చూసింది. రోడ్డును చూసింది. బస్సు మళ్లీ హారన్ కొట్టి, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

ముసలామె గేటు పక్కనున్న రాయి మీద మెల్లగా కూర్చుంది. నడుము సంచి విప్పింది.

"నీ గొంతు రానియ్," అంది పొగాకు నలుపుతూ. "బేరం అప్పుడే. కూసుంట."