టేపులు ఆగిపోయిన చోట

మే నెల మొదట్లో కురోమొరి కొండ ఎక్కడమంటే సగం మంచులో, సగం బురదలో ఎక్కడమే. ఎండకు మెత్తబడిన మంచులో కాలు మోకాలి దాకా దిగబడుతుంది. దాని కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది కానీ ఎక్కడ పారుతున్నాయో కనిపించదు. బుద్ధున్నవాళ్ళు జూన్ దాకా ఆగుతారు. నొబుయె, ఇకుకో, సతొమి ముగ్గురికీ ముప్ఫై ఏళ్ళుగా ఆ బుద్ధి లేదు.

ముందు నడిచేది ఎప్పుడూ నొబుయెనే. ఊరి బడిలో వంట చేసి రిటైరైన మనిషి. గరిటె పట్టుకున్నా, చేతికర్ర పట్టుకున్నా, వెనకవాళ్ళు నోరు మూసుకుని చెప్పింది వినాల్సిందే. ఎక్కడ మంచు డొల్లగా ఉందో, ఏ వాగు ఎక్కడ దాటాలో ఆమెను చూసి తెలుసుకోవాలి తప్ప అడగకూడదు. అడిగితే, "నేను లేనూ?" అనేది. ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో గర్వమూ అంతే ఉండేది.

ఈసారి సంగతి వేరు. చలికాలంలో చెల్లెలి ఇంటికని బస్సెక్కి, వేరే స్టాపులో దిగి, చీకటి పడేదాకా మంచులో అలాగే నిలబడిపోయింది. పోలీసులు ఇంటికి తీసుకొచ్చారు. మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు డాక్టరు. ఇక కొండ మాట ఎత్తొద్దన్నాడు కొడుకు. నొబుయె వినే రకమా? అరిచి గీపెట్టి చివరికి ఒక ఒప్పందానికి దిగింది. ఈ వసంతంలో తనే ముందు నడిచి, స్నేహితురాళ్ళిద్దరినీ శిఖరం మీది గుడి దాకా తీసుకెళ్తుంది. దారి ఎవరూ చెప్పకూడదు. తీసుకెళ్ళిందా, ఇక ఆమె జోలికి ఎవరూ రాకూడదు. దారి తప్పిందా, బతికినన్నాళ్ళూ కొండ మానేస్తుంది.

"ఏమే నొబూ, ఆ పరుగేంటే?" వెనక నుంచి రొప్పుతూ కేకేసింది ఇకుకో. ఆమెకు సోయా పనీర్ లాంటి టోఫు అమ్మే కొట్టు ఉంది. "పైన నీకేమన్నా పెళ్ళిచూపులా?"

"నీ కొట్లో సరుకు నువ్వే తినడం మానేస్తే నువ్వూ పరిగెత్తుదువు గానీ, రా!"

"విన్నావా సతొమీ? నా మీద కోపం నా టోఫు మీద చూపిస్తోంది."

"ఆస్పత్రిలో ఇన్నేళ్ళు నర్సుగా చేశాను, మీ ఇద్దరి లాంటి పేషెంట్లు మాత్రం దొరకలేదక్కా," అంది సతొమి. ముగ్గురిలో చిన్నది ఆమే. నవ్వింది కానీ ఆమె కళ్ళు నొబుయె కాళ్ళ మీదే ఉన్నాయి.

బూనా చెట్ల అడవిలోకి వచ్చారు. ప్రతి మాను చుట్టూ మంచు కరిగి గుండ్రటి గొయ్యి పడింది. రాతిమెట్లు, దారి చూపే పలకలు అన్నీ ఇంకా మంచు కిందే ఉన్నాయి. ఎటు చూసినా అవే బూడిదరంగు మానులు, అదే తెలుపు. నొబుయె ఆగింది. రాత్రి పక్క మీద పడుకుని ఈ కొండనంతా కళ్ళు మూసుకుని ఎక్కింది, ఒక్క మలుపూ వదల్లేదు. ఇప్పుడు కళ్ళు తెరిచి నిలబడితే ఏమీ గుర్తుకు రావడం లేదు. ఎడమకా? కుడికా?

అప్పుడు ఎడమ పక్కన ఒక కొమ్మకు గులాబీ రంగు టేపు కనిపించింది. కొత్తవాళ్ళ కోసం దారి గుర్తుగా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఈ టేపులంటే ఆమెకు ఎప్పుడూ వెటకారమే. ఈరోజు మాత్రం గబగబా దాని దగ్గరికి నడిచింది.

"టేపు లేకపోయినా నేను ఇటే వచ్చేదాన్ని," అంది వెనక్కి తిరగకుండానే.

"మేమేమన్నా అన్నామా?" అంది ఇకుకో.

ఆ తర్వాత ఇంకొకటి కనిపించింది. దాని తర్వాత మరొకటి. నొబుయె నడక మళ్ళీ పాత నడక అయింది. వాగు పక్కన ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఊరికే చేయి చాచి అక్కడి టేపును తాకింది. కొత్త టేపు. పాతవైతే ఎండకూ వానకూ వెలిసిపోవాలి. నడిశీతాకాలంలో కట్టినవైతే మంచు కరిగాక అందనంత ఎత్తులో వేలాడాలి. ఇది సరిగ్గా ఆమె ఛాతీ ఎత్తున ఉంది. పైగా ఆ ముడి! బడిపిల్ల జడకు రిబ్బను కట్టినట్టు రెండు చెవుల ముడి. టోఫు డబ్బాలకు గుడ్డ చుట్టి ఇకుకో వేసే ముడి అచ్చం ఇలాగే ఉంటుంది.

నిన్న వచ్చారన్నమాట ఇద్దరూ. రాత్రి వానకు అడుగుజాడలు కరిగిపోయాయి, టేపులు మిగిలాయి.

ఒళ్ళు మండిపోయింది. ఆ టేపు పీకి ఇకుకో మొహాన కొట్టాలనిపించింది. కానీ తర్వాతి టేపు ఎక్కడుందోనని ఆమె కళ్ళు అప్పటికే వెతుకుతున్నాయి. అది తెలిసి కోపమంతా చల్లారిపోయింది. భయమూ సిగ్గూ మిగిలాయి. ఇది మోసమే. తనకు తెలిసి జరుగుతున్న మోసం. కానివ్వు, గుడి దాకా చేరితే కొండ తనకు మిగులుతుంది. నొబుయె టేపు వదిలేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచింది.

ఉమే అనే పుల్లటి కాయల ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు ఒక పడిపోయిన మాను మీద కూర్చుని తిన్నారు. ఇకుకో ఎందుకో ఈరోజు అతిగా వాగుతోంది. సతొమి అసలు మాట్లాడడం లేదు. ముగ్గురిలో ఎవరు ఎవరికోసం నటిస్తున్నారో చెప్పడం కష్టం.

అడవి దాటగానే పొగమంచు కమ్మింది. ఎదురుగా చెట్టన్నది లేని మంచు వాలు. కింద మంచు, పైన పొగ, మధ్యలో గీత కూడా లేదు. చివరి పొద మీద ఒక టేపు ఉంది. నొబుయె దాని పక్కన నిలబడి తర్వాతి దాని కోసం చూసింది. ఎడమకు కొంచెం నడిచి వెనక్కి వచ్చింది. కుడికి నడిచి వెనక్కి వచ్చింది. వెనక ఇద్దరూ ఆమెనే చూస్తూ నిలబడ్డారు.

"సతొమీ," అంది నొబుయె చివరికి, "తర్వాతి టేపు ఎక్కడ కట్టారే?"

సతొమి మొహం పాలిపోయింది. "అక్కా... ఇక్కడి దాకానే కట్టాం."

"ఏం? టేపు అయిపోయిందా?"

"టేపు ఇంకా సంచీలో ఉందక్కా. దారే తెలియలేదు."

"నిన్న ఇక్కడే గిరగిరా తిరిగాం," అంది ఇకుకో. ఆమె గొంతులో హాస్యం అంతా పోయింది. "ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నాం గదే. ఒక్కసారి తలెత్తి దారి చూశామంటే ఒట్టు. నీ వీపే చూశాం. నువ్వెటు పోతే అటు పోయాం."

"మరి ఇక్కణ్ణుంచి పైకి ఎలా వెళ్దామనుకున్నారే, మొద్దుల్లారా?"

"ఇక్కడికొస్తే నీకే తెలిసిపోతుందనుకున్నాం. కింద మలుపులు మర్చిపోయినా... ఇది అసలైన చోటు గదా. ఇది నువ్వు మర్చిపోవనుకున్నాం."

నొబుయె మళ్ళీ ఆ తెలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఎక్కడో దగ్గరలోనే గుడి ఉంది, ఎన్నోసార్లు తాకిన గుడి. అది ఏ వైపున్నదీ ఆమెకు గుర్తు రాలేదు.

"నాకు తెలియడం లేదు," అంది.

ఆ కొండ మీద ఆమె నోట ఆ మాట అంతవరకూ ఎవరూ వినలేదు. ఇకుకో మంచులోనే చతికిలబడింది. నొబుయె వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నొబుయెకు ఏడుపు ఆగలేదు. తన కొండ పోతుందని చలికాలమంతా మనసుకు చెప్పుకుంటూనే వచ్చింది, కానీ వీళ్ళిద్దరి కొండ కూడా తనతోనే పోతుందని అనుకోలేదు. "నేను లేనూ?" అని ఎన్నిసార్లు వీళ్ళ నోరు మూయించింది! సతొమి ఆమె తడిసిన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

దిగేటప్పుడు నొబుయె వెనక నడిచింది. టేపు వచ్చిన ప్రతి చోటా ఆగి, ఆ తడి ముడి విప్పసాగింది. కట్టినవాళ్ళే విప్పుకుని పోవడం కొండ మర్యాద.

"ఉండనీవే," అంది ఇకుకో. "వచ్చే ఏడు పనికొస్తాయి."

"వచ్చే ఏడు ఎవరొస్తున్నారే?"

ఇకుకో వెనక్కి వచ్చి, చలికి వేళ్ళు కొంకర్లు పోయి నొబుయె విప్పలేకపోతున్న ముడిని తనే విప్పింది. కింద దారి దాకా అలా అన్నీ విప్పేశారు. సాయంత్రం వాన మొదలై అడుగులు కూడా తుడిచిపెట్టేసింది. తర్వాత ఆ కొండ మీదికి ముగ్గురిలో ఎవరూ వెళ్ళలేదు.