మేకల్ని ముప్పు కింద రాశారు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. మా అత్త శీనమ్మ లేచి, కొంగు తలమీదికి లాక్కుని, మైకు అందుకుంది.

"ప్రభువుకి స్తోత్రం. మొన్నామధ్య పెద్దకోనలో చిరుతపులి నా మేకని ఎత్తుకపోయినాది. నాకూ దానికీ మధ్యలో ఒక కంప చెట్టు ఉండాది, అంతే. నన్ను ముట్టనీకుండా దేవుడు కాపాడినాడు. మీరందరూ స్తుతించండి."

అందరూ స్తుతించారు. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. బుధవారం ఇదే అత్త నా ఎదురుగా మంచం మీద కూర్చుని, నా సర్వేకి ఏం చెప్పిందో ఫోన్‌లో రికార్డై అలాగే ఉంది. "పులి లేదు, గిలి లేదు. మేకని కుక్కలు తిన్నాయి."

నా పేరు సారా. మాది ఉదయగిరి. కంప్యూటర్లు చదివి, అడవి జంతువుల సంస్థలో మ్యాపులు గీసే ఉద్యోగం చేస్తున్నాను. ఉదయగిరి కొండల నుంచి మర్రిపాడు దాకా ఉన్న గడ్డీ ముళ్ళపొదల మెట్టనంతా స్క్రీన్ మీద గళ్ళుగా కోశాం. చిరుతల కోసం ముందుగా ఏ గళ్ళని కాపాడాలో మార్కులేసి తేల్చాలి. మార్కులు బాగా వస్తే గడి ఎర్రగా మారుతుంది. చిరుత ఆనవాలే లేకపోతే బూడిదరంగులో ఉండిపోతుంది. మా కెమెరాలన్నీ ఉదయగిరి వైపే సరిపోయాయి కాబట్టి మర్రిపాడు వైపు మనుషుల మాటే ఆధారం. ఆ వైపే, మా అత్త ఊరి పక్కనున్న పెద్దకోనలో పులి ఉందని ఒక్కరూ చెప్పలేదు. గడి బూడిదరంగు. ఆ కోనలోనే క్వారీకి ఎవరో దరఖాస్తు పెట్టారు. గురువారం ఆత్మకూరు మీటింగులో అటవీశాఖకి మ్యాపు ఇచ్చేస్తే ఇక అడ్డుచెప్పేవాళ్ళు ఉండరు.

చర్చి బయట, చెప్పులు వెతుక్కుంటున్న అత్తని పట్టుకున్నాను.

"ఏంది అత్తా, దేవుడి ముందర ఒక మాట, నా ముందర ఒక మాటా?"

"దేవుడు పోయి ఫారెస్టోళ్ళకి చెప్పడు మే. నువ్వు చెప్తావు."

పక్కనే ఉన్న యేసుబాబు మామ నవ్వాడు. "మీ అత్తకి అబద్ధం చెప్పడం కూడా రాలేదు. నేనైతే మేకకి జ్వరమొచ్చిందని చెప్పుంటాను."

"నవ్వులాటగా ఉండాదా మామా? మీరట్ట చెప్పినారనే ఆ కోనని క్వారీకి ఇచ్చేస్తున్నారు. కొండ పోయినాక మేకల్ని యాడ మేపుతారు, క్రషర్లోనా?"

అత్త ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

"క్వారీ సంగతి ఎవరు చెప్పినారు మాకు? పోయినేడు కొండకి అవతల ఊళ్ళో పులి ఉండాదని చెప్పినారంట. నెల తిరక్కముందే మేకల్ని కొండెక్కనీలా. ఎక్కినోళ్ళ మీద కేసులు. అది మాత్రం మాకు తెలుసు." రెండో చెప్పు దొరికింది. "సరే, రాసుకో. పులి ఉండాది. దాంతోపాటు మా మేకలు కూడా ఆడే మేస్తాయని రాయి. రెండూ రాస్తేనే. ఒకటే రాస్తివా, మళ్ళీ కుక్కలే."

ఇంతకంటే న్యాయమైన బేరం నాకు కనిపించలేదు. హైదరాబాదులో ఉన్న మా టీమ్ హెడ్ రమేష్‌బాబుకి ఫోన్ చేశాను. పులి మాట వినగానే సంబరపడ్డాడు.

"మేకలున్నాయా? ముప్పుల కాలమ్‌లో వేసెయ్."

"ముప్పేంది సార్? ఆ కోనలో జింకలే లేవు. చిరుత బతికేదే ఈ మేకల మీద."

"ఫార్మాట్ అలా ఉందమ్మా. ఆఫ్రికాలో సింహాల కోసం చేసింది. పశువులుంటే మార్కులు తగ్గుతాయి."

"ఇక్కడ సింహాల్లేవు కదా సార్."

"వెటకారం వద్దు సారా."

వేసి చూశాను. చిరుత తెచ్చిన మార్కులన్నీ మేకలు తినేశాయి. గడి మళ్ళీ బూడిదరంగు.

"మరి క్వారీకి ఎన్ని మార్కులు తియ్యాలి సార్?"

"అదింకా రాలేదు కదా. రానిదానికి తియ్యం. ఒక పని చెయ్, మేకల్ని వదిలెయ్. ఎర్రగా వచ్చేస్తుంది. తర్వాత అక్కడ మేత ఆపించేస్తారు, అంతే."

అంతేనట. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. దానికింకా గ్యారంటీ ఉంది కాబట్టి దిండు కొట్టాను. మేకల్ని ఉంచితే కొండ పోతుంది, తీసేస్తే అత్త పోతుంది. ఈ లెక్క కట్టినవాడు ఒక్క మేక వెనకైనా నడిచాడో లేదో. మేకల్ని ముప్పుల కాలమ్‌లోనే ఉంచి, కింద నా అభ్యంతరం రాసి పంపాను. అత్తనీ మామనీ గురువారం మీటింగుకి రమ్మన్నాను.

ఆత్మకూరులో హాలు నిండింది. ముందు వరసలో అటవీ అధికారి. రమేష్‌బాబు మ్యాపు తెర మీద వేశాడు. పెద్దకోన ఎర్రగా మెరిసిపోతోంది. నా అభ్యంతరం లేదు. మేకలు లేవు.

"ఆ ఎర్రగా ఉండేది మాదేనా?" అత్త నా చెవిలో అడిగింది.

"ఔ."

"మేకలు యాడుండాయి?"

"తీసేసినాడు."

అత్త లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. మైకు కోసం చెయ్యి చాపితే, అలవాటున్న చెయ్యి కాబట్టి ఎవరో ఇచ్చేశారు.

"సార్, నాపేరు శీనమ్మ. ఆ కోనలో పులిని చూసినదాన్ని నేనే. ఆ బొమ్మలో నా మేకలు లేవు. నా మేకలు లేకపోతే నేను పులిని చూళ్ళేదు."

"ఇంతకీ పులి ఉందా, లేదా?" అన్నాడు అధికారి.

"మేకలుంటే ఉండాది సార్. లేకపోతే కుక్కలు."

హాలంతా నవ్వింది. అధికారి నవ్వకుండా రమేష్‌బాబు వైపు తిరిగాడు. "మేకల్ని ఎవరు తీశారు?"

"డేటా క్లీనింగ్ సార్."

నేను ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాను. మేకల్ని తెచ్చి, ముప్పుల కాలమ్‌లో కాకుండా ఆహారం కాలమ్‌లో వేశాను. పెద్దకోన ఎర్రగానే ఉంది, మేకలతో సహా.

"దీనికి అప్రూవల్ లేదు," అన్నాడు రమేష్‌బాబు.

"లేని సింహాలకి అప్రూవల్ ఉండాది, ఉన్న మేకలకి లేదా సార్?" కోపంలో నా ఊరి భాషే వచ్చింది.

అధికారి చెయ్యెత్తి ఆపాడు. ఆ గడిని పెండింగ్‌లో పెట్టమన్నాడు. తనిఖీ అయ్యేదాకా కోనలోకి క్వారీవాళ్ళూ పోకూడదు, మేకలూ పోకూడదు. ఇద్దరికీ సమానం. అలా అనేసి భోజనానికి లేచాడు.

"మిషన్లు ఆగుతాయి సార్," అంది అత్త అతని వెనకనుంచే. "మేకలు ఎట్ట ఆగుతాయి? వాటికి ఆకలయితాది."

అతను ఆగలేదు. క్వారీ తరఫు మనిషి ఒకతను తీరిగ్గా ఫోన్ చూసుకుంటున్నాడు. తనిఖీ ఎప్పుడు జరిగినా అతనికి నష్టం లేదు. ఆ తీరికే నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది.

మరుసటి రోజు పొద్దున రమేష్‌బాబు నుంచి మెసేజ్. క్షమాపణ రాసిస్తే నా ఉద్యోగం ఉంచే సంగతి ఆలోచిస్తాడట. నేను అప్పటికే మంద వెనక నడుస్తున్నాను. కోన మొదట్లో ఫారెస్టు గార్డు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, పోకూడదు. కేసు రాయాల్సొస్తాది."

"రాయి నాయనా," అంది అత్త. "పేరు శీనమ్మ."

"ఆగు అత్తా." నేను ముందుకి వచ్చాను. "మొదట నా పేరు రాయన్నా. సారా, ఉదయగిరి. చేసిన నేరం, చిరుతకి తిండి తోలుకుపోవడం. అట్నే రాయి. ఆ కాగితం కాపీ నాకు కావాలి. పులీ మేకలూ రెండూ ఉండే సర్కారు కాగితం అదొక్కటే."

గార్డు పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు. మేకలు అతన్ని దాటుకుని కొండెక్కుతున్నాయి.